అప్‌డేట్: ఆఫర్ ఒప్పుకుని జాయిన్ కాని డెవలపర్ల సమస్య తీరింది

మాదాపూర్‌లో మాది ఆరుగురి స్టార్టప్. ముగ్గురు డెవలపర్లు ఆఫర్ ఒప్పుకుని, తీరా చేరాల్సిన రోజు ఫోన్ ఎత్తలేదని, జీతం పెంచాలా అని ఇక్కడ అడిగాను. ఇప్పుడు వేరే ఇద్దరు చేరారు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

జీతం అసలు విషయమే కాదు. తెలిసిన హెచ్‌ఆర్ ఆవిడకు మా ఆఫర్ లెటర్ చూపించాను. ఈసాప్స్ (ఉద్యోగులకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) గురించి ఒక్క ముక్క రాసి వదిలేశామట: ఎన్ని షేర్లు, ఎప్పటి నుంచి సొంతమవుతాయో లేదు. రూల్ ప్రకారం మొదటి ఏడాది ఏవీ చేతికి రావు, షేర్లు తీసుకునేటప్పుడు పన్ను కూడా పడుతుంది. అవన్నీ ముందే చెప్పాలన్నారు.

అంతకంటే పెద్ద తప్పు 90 రోజుల నోటీసు కాలంలో, అంటే వాళ్లు రాజీనామా ఇచ్చాక పాత కంపెనీలో ఇంకా పనిచేయాల్సిన గడువులో చేశాం. ఆ మూడు నెలలూ వాళ్లను పలకరించనేలేదు. మా ఆఫర్ చూపించి వేరేచోట బేరమాడుకున్నారు. (నేనైనా అదే చేసేవాణ్ణేమో!)

ఇక్కడ ఒకరు చెప్పినట్టు, ఈసారి ఇప్పటికే నోటీసులో ఉండి 30 రోజుల్లోపు పాత కంపెనీ నుంచి రిలీవ్ అయ్యేవాళ్లనే చూశాం. వారానికోసారి ఫోన్, ఒక శనివారం టీంతో కలిసి భోజనం. పనిచేసింది ఇదే.

డబ్బులిచ్చి ట్రయల్ పని చేయించలేదు, పాత కంపెనీ కాంట్రాక్టుకు అడ్డొస్తుందని భయపడ్డాం. అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లలో నేర్చుకున్నవాళ్లను తీసుకోవద్దన్నారు కొందరు. చేరిన ఇద్దరిలో ఒకతను అక్కడ నేర్చుకున్నవాడే.