చింత, తుమ్మ మొద్దులు కోయడానికి ఏ చైన్ సా, ఏ చైన్ సరిపోతుంది?

గిద్దలూరు రైతు:
వేసవి గాలివానకు మా పొలం గట్టు మీది రెండు పెద్ద చింతచెట్లు వేళ్ళతో సహా కూలిపోయాయి. మొదలు దగ్గర ఒక్కొక్కటి రెండున్నర అడుగుల మందం ఉంటుంది. ఎండిపోయిన నల్లతుమ్మ మానులు కూడా నాలుగైదు ఉన్నాయి. నా దగ్గర రెండేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో కొన్న 58 సీసీ పెట్రోలు చైన్ సా ఉంది, దాని బారు (చైన్ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) 22 అంగుళాలు. వేప కొమ్మలను ఇబ్బంది లేకుండా కోసిన ఆ మిషన్, చింత చేవ తగిలేసరికి పొగలు కక్కుతోంది, పొట్టు పిండిలా రాలుతోంది, కోత ఒక పక్కకు వంకర పోతోంది. కొత్త చైన్ వేసినా అరగంటకే మళ్ళీ అదే పరిస్థితి. 70 సీసీ మిషన్ కొనమని కొందరు, కార్బైడ్ పళ్ళ చైన్ తెప్పించుకోమని కొందరు చెబుతున్నారు. అంత డబ్బు పెట్టడానికి ముందు ఏం చూసుకోవాలో, ఏ విడిభాగాలు దగ్గర ఉంచుకోవాలో అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

పలమనేరు, కోత పని:
మీరు చెప్పిన మూడు లక్షణాలూ చైన్‌ను పట్టి చూపిస్తున్నాయి, ఇంజిన్‌ను కాదు. పదునున్న చైన్ చేవలో కూడా బియ్యపు గింజంత పలుకులు తీస్తుంది. పిండి రాలుతోందంటే పళ్ళు మొద్దుబారి, కలపను కోయకుండా రాపిడి చేస్తున్నాయన్నమాట. ఒక వైపు పళ్ళు ఎక్కువ అరిగి, రెండో వైపు పొడవుగా మిగిలితే కోత వంకర పోతుంది.

కొత్త చైన్ అరగంటలో పోవడానికి మట్టి కారణమై ఉంటుందని నా అభిప్రాయం. కూలిన చెట్టు బెరడు పగుళ్ళలో ఇసుక దూరి ఉంటుంది కనుక, కోత పెట్టబోయే చోట చుట్టూ జానెడు వెడల్పున బెరడును గొడ్డలితో చెక్కేయండి. మొద్దు కింద దిమ్మలు పెట్టి లేపండి. చైన్ ఒక్క క్షణం నేలకు తగిలినా ఆ పదును పోయినట్టే. గట్టు మీది చెట్టు కాబట్టి కంచె తీగల కోసం కొట్టిన పాత మేకులు ఉన్నాయేమో కూడా వెతకండి.

చైన్ కొనేటప్పుడు సెమీ చిజెల్ రకం అడగండి. ఫుల్ చిజెల్ పంటి మూల కోణంగా ఉండి శుభ్రమైన పచ్చి కలపలో వేగంగా కోస్తుంది, కానీ గట్టి చేవలోనూ మట్టిలోనూ ఆ మూల త్వరగా అరిగిపోతుంది. సెమీ చిజెల్ మూల గుండ్రంగా ఉంటుంది కనుక కాస్త నిదానంగా కోసినా పదును ఎక్కువసేపు నిలుపుతుంది. కార్బైడ్ చైన్ మీకు అవసరం లేదు. దాని ధర ఎక్కువ, మామూలు ఆకురాయికి లొంగదు, మేకు తగిలితే పన్ను ఊడిపోతుంది.

బారును 18 అంగుళాలకు తగ్గించండి. 22 అంగుళాల బారు పూర్తిగా చేవలో మునిగితే అన్ని పళ్ళను లాగే బలం ఆ ఇంజిన్‌కు చాలదు. రెండున్నర అడుగుల మానునైనా రెండు వైపుల నుంచి కోసుకోవచ్చు. చింతలో పచ్చి ఆరకముందే పని ముగించండి, ఎండిన కొద్దీ అది మరింత మొండికేస్తుంది.

ఖమ్మం, మిషన్ మెకానిక్:
పై సలహాతో నేను ఏకీభవిస్తున్నాను. చైన్ అడిగే ముందు మూడు కొలతలు రాసుకోండి: పిచ్ (చైన్ లింకుల సైజు), గేజ్ (బారు గాడిలో కూర్చునే లింకు మందం), డ్రైవ్ లింకుల (ఆ గాడిలో నడిచే లింకుల) సంఖ్య. సాధారణంగా బారు మీదే ముద్రించి ఉంటాయి. చెరిగిపోతే వరుసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరాన్ని కొలిచి సగం చేస్తే పిచ్ తెలుస్తుంది. పిచ్ 0.325 అంగుళం అయితే 4.8 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి కావాలి. ట్యాంకు పెట్రోలు అయిపోయిన ప్రతిసారీ ఒక్కో పంటికి రెండు మూడు సార్లు, లోపలి నుంచి బయటికి, అన్నిటినీ ఒకే లెక్కన ఆకురాయితో రుద్దండి. సాధారణంగా 30 డిగ్రీల కోణం పెడతారు, ఎండిన తుమ్మకు 25 అయితే అంచు నిలుస్తుంది. పంటి ముందుండే చిన్న మెట్టు, అంటే డెప్త్ గేజ్, పంటి అంచు కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. అంతకంటే ఎక్కువ అరగదీస్తే చైన్ చేవను పట్టుకుని కుదుపులిస్తుంది.

పెట్రోలు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలిసి ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది, పాత కార్బురేటర్ డయాఫ్రమ్‌లను పాడు చేస్తుంది. ఆయిల్ కలిపిన ఇంధనాన్ని వారాల తరబడి నిల్వ ఉంచకండి, పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి ఇంజిన్ ఆగిపోయేదాకా నడపండి. చైన్‌కు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయకండి, అందులోని లోహపు పొడి బారునూ పంపునూ తినేస్తుంది.

గిద్దలూరు రైతు:
ఇద్దరికీ ధన్యవాదాలు. బారు మీద 0.325, 0.058, 86 అని ఉన్నాయి. బారు విప్పి చూస్తే నూనె రంధ్రం పొట్టుతో పూర్తిగా మూసుకుపోయి ఉంది, అడుగు అంచు నీలంగా మారింది. చైన్‌ను తిప్పే పళ్ళ చక్రం, అంటే స్ప్రాకెట్, పళ్ళ మీద గాడులు పడ్డాయి.

ఖమ్మం, మిషన్ మెకానిక్:
నీలం రంగు నూనె అందక బారు కాలిందనడానికి గుర్తు, కాబట్టి ఆ బారును ఇక నమ్మకండి. 18 అంగుళాల బారు, దానికి సరిపడే 72 లింకుల సెమీ చిజెల్ చైన్లు మూడు, ఒక స్ప్రాకెట్ తీసుకోండి. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే చైన్ కూడా త్వరగా పాడవుతుంది. రెండు ఆకురాళ్ళు, స్పార్క్ ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, ఇంధన ఫిల్టర్, స్టార్టర్ తాడు దగ్గర ఉంచుకోండి. కొత్త బారు బిగించాక మిషన్‌ను వేగంగా తిప్పుతూ ముక్కును పాత వార్తాపత్రిక వైపు చూపించండి. కాగితం మీద సన్నని నూనె గీత పడితేనే కోత మొదలుపెట్టండి. ఏటా ఇలాంటి మానులు కోసే పని ఉంటే తప్ప 70 సీసీ మిషన్ కొనవద్దు. కొన్నా, విడిభాగాలు మీ దగ్గరి పట్టణంలో దొరికే కంపెనీదే ఎంచుకోండి.

పలమనేరు, కోత పని:
ఒక్క మాట మరచిపోయాను. వేళ్ళతో సహా లేచిన చెట్టు మొదలును కోసి వేరు చేయగానే, ఆ వేళ్ళ ముద్ద మట్టి బరువుకు వెనక్కి, పాత గుంతలోకి ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆ వైపు ఎవరినీ, ముఖ్యంగా పిల్లలను, నిలబడనీయకండి. మొదలుకు నాలుగైదు అడుగుల మానును వదిలి కోయండి, వేళ్ళ ముద్దకు గట్టి ఊతం పెట్టండి, బారు ముక్కు పై భాగం దేనికీ తగలకుండా చూసుకోండి.