ప్లైవుడ్ గూడు బండి మన ఎండకు, వానకు ఆగుతుందా? ఇనుప రేకే కొట్టాలా?

గూడుబండి (మిర్యాలగూడ)

అందరికీ నమస్తే. నాలుగు నెలల నుంచి ఒక పని నెత్తిన పెట్టుకున్నా. కారు వెనక తగిలించుకుని పోయే చిన్న పడక బండి, ప్లైవుడ్‌తో. పక్క నుంచి చూస్తే నీటి చుక్కను అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. ముందు గుండ్రం, వెనక్కి పోయేకొద్దీ వాలు. అమెరికావాళ్లు 1930ల నుంచే ఇళ్ల దగ్గర సొంతంగా కట్టుకుంటున్నారు, టియర్‌డ్రాప్ అంటారు. లోపల నిలబడలేం, ఇద్దరు పడుకోవడమే. వంట మాత్రం వెనక మూత ఎత్తి, బయట నిలబడి చేసుకోవాలి. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. ప్లైవుడ్ షీటే అంత కాబట్టి బండి కూడా అంతే. ఒక షీటు అంటే ఒక గోడ.

రెండు పక్క గోడలు కోసి, అడుగు పలక బిగించి పెట్టా. నిన్న మా మేనమామ వచ్చి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "చెక్కపెట్టె చేస్తున్నవురా, రెండు వానాకాలాలకు చెదలకు అప్పజెప్తవు. పీకేసి ఇనుప రేకు కొట్టు" అని చాయ్ తాగి పోయిండు. రాత్రంతా అదే టెన్షన్. ఇప్పటికి 28 వేలు అయినయి. ఇంకా ముందుకు పోవాలా, ఇక్కడే ఆపి రేకుకు మారాలా? చేసినవాళ్లు, చూసినవాళ్లు చెప్పండి.

ఇనుప సమ్మెట (చిట్యాల)

మీ మామ చెప్పింది కరెక్టు తమ్మీ. పద్దెనిమిదేళ్లుగా వెల్డింగ్ షాపు నడుపుతున్నా. నా చేతుల మీద పోయిన ట్రాక్టర్ ట్రాలీలు ఇంకా ఇసుక మోస్తున్నయి. ప్లైవుడ్ అంటే వంటింటి అరలకు, టీవీ స్టాండుకు. రోడ్డు మీద గుంతలు కొట్టుకుంటూ పోయే బండికి కాదు. బాక్స్ పైపుతో ఫ్రేమ్ కట్టు, 20 గేజీ రేకు కొట్టు, రెడ్ ఆక్సైడ్ వేసి పెయింట్ వెయ్యి. నీ కొడుకు కూడా వాడుకుంటడు.

రంపపుపొట్టు (నల్గొండ)

ఇనుప సమ్మెటన్నా, నీ పని మీద నాకు గౌరవమే కానీ ఈ ఒక్కటి ఒప్పుకోను. లెక్క చూద్దాం. 12 ఎంఎం ప్లైవుడ్ పెద్ద షీటు 23 కిలోల దాకా తూగుతుంది. అదే సైజు 20 గేజీ రేకు 21 కిలోలు. అంటే బరువులో కలిసొచ్చేది ఏమీ లేదు. పైగా ప్లైవుడ్ తనంతట తాను నిలబడుతుంది, రేకు నిలబడదు. దాని లోపల పైపు ఫ్రేమ్ కావాలి, మధ్యలో థర్మోకోల్ కావాలి, లోపలి వైపు మళ్లీ ఒక పలచటి ప్లై కొట్టాలి. అన్నీ అయ్యేసరికి బండి బరువు ఒకటిన్నర రెట్లు. లాగేది ఇసుక ట్రాక్టర్ కాదు, కారు.

ఇంకోటి, మే నెల మధ్యాహ్నం నల్గొండలో నిలబెట్టిన రేకు డబ్బా మీద చెయ్యి పెట్టి చూడు. 45 డిగ్రీల ఎండలో చెయ్యి అంటుకుపోతుంది. డిసెంబర్‌లో దానికి రివర్స్. రాత్రి లోపల ఇద్దరు పడుకుంటే ఊపిరి తడి చల్లటి రేకుకు తగిలి, తెల్లారేసరికి మొహం మీద చుక్కలు పడతాయి. చెక్కకు ఆ బాధ తక్కువ.

ఇక మామ అన్న చెదల సంగతి. చెద మన్ను నుంచి పైకి వస్తుంది, గాలిలో ఎగిరి వచ్చి షీటు తినదు (ఉసిళ్ల కాలంలో రెక్కల చెదలు వేరే సంగతి). బండి చక్రాల మీద ఉన్నంతసేపు దానికి దారి దొరకడం కష్టం. మనవాళ్లు చేసే తప్పేమిటంటే, నిలబెట్టినప్పుడు కింద చెక్క ముక్కలు ఎత్తు పెడతారు. ఆ చెక్కే చెదకు మెట్లు. రాయి పెట్టు, ఇటుక పెట్టు, చెక్క మాత్రం పెట్టకు.

ప్లైవుడ్‌ను చంపేది దాని అంచు. పైముఖం మీద నీళ్లు పడితే జారిపోతాయి, కోసిన అంచు మాత్రం స్పాంజిలా తాగుతుంది. గోడలు కోసి ఊరికే పెట్టావంటున్నావు. అంచులకు ఏమైనా పూశావా? నాకు భయం అక్కడే.

పాలమూరు టీచరమ్మ (జడ్చర్ల)

మీరు చెప్పే బండి నేను చిన్నప్పుడే ఎక్కాను. మా తాత సవారి కచ్చురంలో కురుమూర్తి జాతరకు పోయేవాళ్లం. కింద వరిగడ్డి పరిచి, దాని మీద బొంత. పైన గూడు. వెనక వేలాడేసిన సంచిలో పులిహోర, సర్వపిండి. రాత్రి ఎడ్లను విప్పి, పిల్లలందరం ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయేవాళ్లం. అమెరికావాళ్లు దానికి చక్రాలు మార్చి ఎడ్ల చోట కారు కట్టారు, అంతే కదా.

కానీ ఆ గూడుకు రెండు వైపులా గాలి ఉండేది తమ్ముడూ. నువ్వు నాలుగు గోడలూ మూస్తున్నావు. పోయిన ఏడాది సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున టెంట్ వేసుకున్నాం. గాలి ఆడక అర్ధరాత్రి అందరం బయటికొచ్చి చాప మీద పడుకున్నాం. రెండు తలుపులకూ దోమ జాలీ కిటికీలు, పైన ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకపోతే ఇనుమైనా చెక్కైనా ఒకటే, ఇడ్లీ పాత్రే.

ఇంతకీ ఎక్కడికి పోదామని? శ్రీశైలం రోడ్డు అనుకుంటే రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య బండ్లు వదలరు. అమ్రాబాద్ పులుల అడవి అది. దారి పక్కన ఆపుకుని పడుకుంటామంటే కుదరదు.

ఫారం22 (సూర్యాపేట)

అందరూ చెక్కా ఇనుమా అని కొట్టుకుంటున్నారు. అసలు ఇది రోడ్డు ఎక్కుతుందా అని ఒక్కరూ అడగలేదు.

ఆర్టీఏ ఆఫీసు బయట పదేళ్లు కాగితాలు నింపినవాణ్ణి. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 2(28) చూడండి. మోటారు వాహనం అంటే ట్రైలర్ కూడా అందులోకే వస్తుంది. ఇంజన్ లేదు కదా అనడానికి లేదు. కాబట్టి సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి, దానికి సొంత ఇన్సూరెన్స్ కావాలి. రిజిస్ట్రేషన్ లేకుండా దొరికితే సెక్షన్ 192 కింద మొదటిసారి 2 వేల నుంచి 5 వేల దాకా జరిమానా. రెండోసారి 10 వేల దాకా, జైలు కూడా రాసి ఉంది.

రిజిస్ట్రేషన్‌కు పోతే ఫారం 20తో పాటు ఫారం 21, ఫారం 22 అడుగుతారు. 21 అంటే అమ్మినవాడి సర్టిఫికెట్. 22 అంటే బండి రోడ్డుకు పనికొస్తుందని తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్. నీకు నువ్వే అమ్ముకున్నావా? నీ వాకిలి కంపెనీయా? అక్కడ ఆగుతుంది పని. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

ఇనుప సమ్మెట (చిట్యాల)

నంబర్ లేని ట్రాలీలు మండలానికి ఎన్ని తిరుగుతున్నయో నీకు తెల్వదా సారూ? ఎవరిని ఆపిండ్రు?

ఫారం22 (సూర్యాపేట)

తెలుసన్నా. అందులో ఒకటి బోల్తా పడి మనిషి పోయినప్పుడు ఇన్సూరెన్స్ లేక ఆ రైతు కుటుంబం కోర్టు చుట్టూ తిరగడం కూడా చూశా. పొలం దారి వేరు, 65వ నంబర్ హైవే వేరు. కారు వెనక చుక్క ఆకారంలో డబ్బా కనిపిస్తే ఆపకుండా ఉంటారా? సెల్ఫీ కోసమైనా ఆపుతారు.

ఇనుప సమ్మెట (చిట్యాల)

సరే, కాగితాల సంగతి నాకు తెల్వదు. ఇనుము సంగతి చెప్తా. తమ్మీ, పైన చెక్కే కొట్టుకో, నీ ఇష్టం. కింద చాసిస్ మాత్రం ట్రాలీ లెక్క కట్టించకు. ట్రాలీలకు చాలావాటికి కమాను పట్టీలే ఉండవు, ఇరుసు నేరుగా ఫ్రేముకే. ఇరవై స్పీడుకు నడుస్తది. అరవైలో పోతే నీ ప్లైవుడ్ జాయింట్లు నెలలో ఊడిపోతయి. పట్టీలు పెట్టు, తగిలించే దగ్గర పిన్ను కాకుండా 50 ఎంఎం బాల్ పెట్టు, రెండు గొలుసులు ఒకదాన్నొకటి దాటేటట్టు కట్టు.

అన్నిటికంటే ముఖ్యం ముందు బరువు. బండి మొత్తం 400 కిలోలు అనుకో. కారు కొక్కెం మీద 40 నుంచి 60 కిలోలు పడాలి. నీ వంటగది వెనక ఉందంటున్నవు. అక్కడ స్టవ్వు, 20 లీటర్ల నీళ్ల క్యాన్, 5 కిలోల సిలిండర్, గిన్నెలు పెడితే ముందు తేలిపోతది. అప్పుడు బండి కారు వెనక పాము లెక్క ఊగుతది, బ్రేక్ కొడితే ఇంకా ఊగుతది. తోక కుక్కను ఆడించినట్టు అయితది. మీ ఊర్లో రైస్ మిల్లులకు కొదవా? బస్తాలు తూచే కాటా మీద ముందు కొన పెట్టి చూసుకో. లారీల వేబ్రిడ్జికి పోకు, అది ఇంత చిన్న బరువు సరిగ్గా చూపించదు.

గూడుబండి (మిర్యాలగూడ)

రంపపుపొట్టన్నా, అంచులకు ఏమీ పూయలేదు. మీ మాట చదివాక భయమేసి ఒక పని చేశా. గోడ కోసినప్పుడు మిగిలిన ముక్క ఒకటి, అడుగు పలకలో మిగిలిన ముక్క ఒకటి తీసుకున్నా. రెండూ వేరే వేరే షాపుల్లో కొన్నవే. గోడల షీటు మీద మెరైన్ అని ఎర్ర అక్షరాల్లో ముద్ర ఉంది, అంతే. అడుగు పలక మీద ఐఎస్ఐ గుర్తు, పైన ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం నంబర్), కింద సీఎం/ఎల్ నంబర్ (కంపెనీ లైసెన్సుది) ఉన్నాయి.

వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టి, పాత బగోనెలో రెండు ముక్కలూ వేసి ఉదయం ఏడింటికి మంట పెట్టా. మా ఇంటావిడ "ఏం కూర?" అని అడిగి లోపలికి పోయింది, మళ్లీ మాట్లాడలేదు. పది దాటకముందే ఎర్ర ముద్ర ముక్క అంచు పూరీలా ఉబ్బింది. మధ్యాహ్నానికి పొరలు దేనికది విడిపోయి, తడిసిన పుస్తకంలా తెరుచుకున్నాయి. గోరు పెట్టి లాగితే వచ్చేశాయి. లోపల జిగురు తెల్లగా జారుడుగా ఉంది. నీళ్లు చాయ్ రంగు. రెండో ముక్క సాయంత్రం మూడింటి దాకా ఉడికినా చప్పుడు లేదు. ఆరబెట్టి సుత్తితో కొడితే చెక్క విరిగింది కానీ పొర ఊడలేదు.

అంటే నా రెండు గోడలూ పోయినట్టేనా?

రంపపుపొట్టు (నల్గొండ)

పోయినట్టే తమ్మీ, చెప్పడానికి బాధగా ఉంది. అది ఇంట్లో అరలకు వాడే ఎంఆర్ రకం, తేమ వరకే ఆగుతుంది. అందులో యూరియా జిగురు, వేడి నీళ్లకు కరుగుతుంది. ఐఎస్ 710 షీటులో ఫినాల్ జిగురు, ముదురు గోధుమ రంగు గీతలా కనిపిస్తుంది. రంగు కలిపి మోసం చేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి కంటిని నమ్మకు. ఐఎస్ 710 పరీక్షలో 72 గంటలు ఉడకబెడతారు, నువ్వు ఎనిమిది గంటలకే తేల్చేశావు. సీఎం/ఎల్ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థది) కొట్టి చూసి కొను.

గోడలు పారేయకు. వాటిని అచ్చుగా పెట్టుకుని కొత్త షీటు కోసుకో, వంపు మళ్లీ గీసే పని ఉండదు. కోసిన రోజే అంచులకు ఎపాక్సీ (రెండు మందులు కలిపితే గట్టిపడే జిగురు) రెండు పూతలు. మొదటిది పలచగా, అది తాగినంత తాగనివ్వు. ఎపాక్సీకి ఎండ పడదు, పైన తెల్ల పెయింట్ తప్పదు. పైకప్పుకు 6 ఎంఎం. దాని మీద సాగర్ పుట్టిలకు తారు పూసినట్టు పూయకు, ఎండకు కారుతుంది. నూలు గుడ్డ సాగదీసి, వాటర్‌ప్రూఫ్ జిగురుతో అతికించి, పెయింట్ మూడు పూతలు వెయ్యి.

దేవరకొండ పోరడు

నాకు ఒక డౌటు. ట్రైలర్ కాగితాలే సమస్య అయితే ట్రైలరే ఎందుకు? టాటా ఏస్ వెనక తొట్టి 2200 ఎంఎం పొడవు, 1490 ఎంఎం వెడల్పు. అంటే ఏడడుగుల పైచిలుకు, దాదాపు ఐదడుగులు. చుక్కను ఎనిమిది నుంచి ఏడడుగులకు కుదించి అందులో పెట్టి బెల్టులతో కట్టండి. వంటబల్ల కింద కాళ్లు పెట్టుకుంటే పొడుగు మనిషి కూడా సరిపోతాడు. చాసిస్ ఖర్చు లేదు, ఊగుడు లేదు. వైజాగ్ కాలనీ దగ్గర సాగర్ బ్యాక్‌వాటర్‌కు మా ఊరి దారిలో ఏస్ హాయిగా పోతుంది, కారు వెనక ట్రైలర్ తిప్పుకోవడం ఆ మలుపుల్లో కష్టం.

ఫారం22 (సూర్యాపేట)

ఇది బుర్ర ఉన్న మాట. కట్టి విప్పుకునే పెట్టె సరుకు కింద లెక్క. బోల్టులు కొట్టి బండికే బిగిస్తే సెక్షన్ 52, మార్పు చేశావు అంటారు. బండి నడిచేటప్పుడు లోపల మనిషి ఉండకూడదు, ఆగాకే పడుకోవాలి.

పాలమూరు టీచరమ్మ (జడ్చర్ల)

ఏస్ క్యాబిన్‌లో ఇద్దరే. వాళ్లకు పిల్లలు ఉంటే?

గూడుబండి (మిర్యాలగూడ)

ఒక పాప ఉంది మేడం, ఆరేళ్లు. తల్లీబిడ్డలు కారులో వెనక వస్తారు, నేను ఏస్‌లో ముందు పోతా. రెండు బండ్ల డీజిల్ అని మా ఇంటావిడ ఇప్పుడే లెక్క తీసింది.

ఏస్ మా బావమరిదిది. వారమంతా నీళ్ల క్యాన్లు వేస్తాడు, ఆదివారం ఖాళీ. అడిగితే "పెట్టె ఎంత తూగుతది?" అన్నాడు. తెలియదన్నా. కొత్త షీట్లు వచ్చాక కోసిన ముక్కలన్నీ తీసుకుని మిల్లు కాటా దగ్గరికి పోతాం. సమ్మెటన్నా, చాసిస్ లేదు కాబట్టి నీకు పని తప్పింది అనుకోకు. వెనక మూతకు బందులు నీ దగ్గరే చేయించుకుంటా.

ఇనుప సమ్మెట (చిట్యాల)

రా తమ్మీ. బందులు మాత్రం ఇనుమువే పెడదాం.