నాలుగో తరగతిలో బేస్‌బాల్ నవల: నడవడి గురించి ఎలా మాట్లాడించాలి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, న్యూజెర్సీ):
1947 నాటి బ్రూక్లిన్ నేపథ్యంగా సాగే బేస్‌బాల్ నవలను నాలుగో తరగతి పిల్లలతో చదివించబోతున్నాను. ఆట తెలియని పిల్లలు కూడా కథలో లీనమయ్యేలా, నీతిబోధ అనిపించకుండా నడవడి గురించి మాట్లాడించడం ఎలా?

జవాబు 1:
మేడమ్ గారూ, ముందుగా నేలపై సుద్దముక్కతో బేసులు (పరుగు తీసేవారు వరుసగా తాకాల్సిన నాలుగు మూలలు) గీసి కాసేపు ఆడించండి. ఆ తరువాత శాక్రిఫైస్ బంట్ గురించి చెప్పండి. తాను అవుటవుతానని తెలిసీ బ్యాటర్ బంతిని మెల్లగా ముందుకు తాకించి, బేస్ మీదున్న సహచరుణ్ణి తరువాతి బేసుకు చేరుస్తాడు. ఆ అవుటు అతని బ్యాటింగ్ సగటును తగ్గించదు. ఆ నియమం ఎందుకు పెట్టి ఉంటారని అడిగితే చాలు, పిల్లలే మాట్లాడతారు.

జవాబు 2:
సూచన బాగుంది. అయితే 1947 అన్నాక నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్‌సన్ గురించి చెప్పక తప్పదు. ఆ ఏడాది ఏప్రిల్ 15న ఆయన బ్రూక్లిన్ జట్టు డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగేదాకా, దశాబ్దాలుగా మేజర్ లీగుల్లో (అమెరికా బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయి పోటీల్లో) నల్లజాతి ఆటగాళ్లకు చోటే లేదు. దూషణలకు ఎదురు తిరగనని జట్టు అధ్యక్షుడు బ్రాంచ్ రికీకి మాటిచ్చి ఆడిన ఆయన ఓర్పును మెచ్చుకుని ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ భారం ఆయన ఒక్కరిపైనే ఎందుకు పడిందని కూడా పిల్లలు అడగాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. బంట్‌తో మొదలుపెట్టి, రాబిన్‌సన్ ప్రస్తావన వచ్చినప్పుడు ఆ ప్రశ్న వేస్తాను. ప్రతి జవాబుకూ ఆధారమైన వాక్యాన్ని పుస్తకంలో వేలుపెట్టి చూపించమంటాను.