2000 నాటి 5 రూపాయల నాణెం: చుక్క అరిగిపోయిందా, అసలు లేదా?

చిల్లరలో వచ్చే నాణేలను సంవత్సరం, టంకశాల గుర్తు చూసి పక్కన పెట్టుకోవడం నా హాబీ. ఈమధ్య 2000 నాటి 5 రూపాయల నాణెం దొరికింది. పాత రకం, మందపాటిది, రాగి-నికెల్‌ది. సంవత్సరం కింద వజ్రం ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. చిక్కల్లా ఈ 'ఏమీ లేకపోతే' దగ్గరే.

చివరి రెండు సున్నాల కింద చిన్న ఉబ్బులాంటిది కనిపిస్తోంది. లైటు పక్కనుంచి వేస్తే తెలుస్తుంది, నేరుగా వేస్తే మాయం. సింహాల ముఖాలు బాగా అరిగాయి, అంచులోని గాడి మాత్రం స్పష్టంగా ఉంది. తూకం 8.9 గ్రాములు (ఉండాల్సింది 9), అయస్కాంతానికి అంటుకోదు. పది రెట్ల భూతద్దంతో చూశాను, డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టాను, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేశాను. తేలలేదు. రుద్ది కడగడం మాత్రం నా వల్ల కాదు, ఉన్న కాస్త రూపూ పోతుంది.

అరిగిన నోయిడా చుక్కకీ, కోల్‌కతా నాణెం మీద పడిన దెబ్బకీ తేడా కచ్చితంగా ఎలా పట్టుకోవాలి?