సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు: ముందు స్కానరా, ప్లగ్గా?

కిన్నెరసాని:
మాది 2014 నాటి పెట్రోల్ కారు. పది రోజులు ఊళ్లో ఉండి ఖమ్మం తిరిగొచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ హుషారుగా తిరిగింది కానీ ఇంజన్ అందుకోలేదు. బ్యాటరీ నిరుడే మార్చాం. ట్యాంకు సగానికి పైగా ఉంది. మీటర్ల పలకపై దొంగతనం అడ్డుకునే తాళం గుర్తు లైటు ఎప్పటిలాగే వెలిగి ఆరిపోతోంది. దగ్గరి షెడ్డు నుంచి వచ్చిన మెకానిక్ ఒక స్పార్క్ ప్లగ్గు విప్పి చూసి, "పొడిగా ఉంది, పెట్రోల్ రావడం లేదు, పంపు పోయింది" అన్నారు. కొత్త పంపు వేశారు. మజూరీతో కలిపి 6,800 రూపాయలు. అయినా ఇంజన్ అందుకోలేదు. ఇప్పుడు ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ మార్చాలి, 18,000 అవుతుంది అంటున్నారు. ముందే స్కానర్ పెట్టించాల్సిందా?

వోల్ట్‌మీటర్:
ముమ్మాటికీ. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే ఏ సెన్సర్ పలుకుతోందో, ఏది పలకడం లేదో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. ప్లగ్గు పొడిగా ఉందని పంపు మార్చడం, జ్వరం వచ్చిందని కాలికి కట్టు కట్టడం లాంటిది.

ఆటోనగర్ పాతచేయి:
విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. స్కానర్ నా దగ్గరా ఉంది. కానీ ముందు చెవి, తరువాతే యంత్రం. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు చప్పుడు వినండి. బాగున్న ఇంజన్ బరువు లాగుతున్నట్టు ఒక లయలో "గుర్ర్, గుర్ర్" అంటుంది. వాల్వులను సమయానికి నడిపే టైమింగ్ బెల్టు తెగితే ఆ బరువు ఉండదు, సర్రున తేలిగ్గా తిరిగిపోతుంది. అప్పుడు సెల్ఫ్ ఇంకా కొడుతూ కూర్చుంటే చాలా ఇంజన్లలో లోపల వాల్వులు వంగవచ్చు. ఈ మాట ఏ స్కానరూ ముందు చెప్పదు. తరువాత తాళం ఆన్ చేసి, వెనక సీటు మీద చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు పంపు "జుయ్" మంటే పంపు బాగున్నట్టే.

వోల్ట్‌మీటర్:
ఆ చివరి వాక్యం తప్పు. చప్పుడు వచ్చినంత మాత్రాన పంపు బాగున్నట్టు కాదు. మోటారు తిరుగుతుంది, ఒత్తిడి మాత్రం లేవదు. ఇలాంటి కార్లలో చాలావాటికి సుమారు మూడు బార్ల ఒత్తిడి కావాలి. అది గేజి పెట్టి చూడాలి. ఒకసారి సూర్యాపేట దాటాక రాత్రి తొమ్మిదింటికి మా కారు ఆగిపోయింది. వచ్చిన మెకానిక్ ఇలాగే చెవి పెట్టి విని, పంపు బాగుంది అని తేల్చి, ప్లగ్గులూ కాయిలూ విప్పుతూ కూర్చున్నాడు. మా అమ్మ, ఏడేళ్ల పాప రోడ్డు పక్కన రాతి మీద రాత్రి రెండింటి దాకా కూర్చున్నారు. చివరికి తేలింది, పూడుకుపోయిన పెట్రోల్ ఫిల్టర్.

ఆటోనగర్ పాతచేయి:
మీ అమ్మగారు పడిన కష్టానికి నేనూ బాధపడుతున్నాను. కానీ నేనన్నది మొదటి మెట్టు. చప్పుడు అసలే లేకపోతే ఫ్యూజు, పంపుకు కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలే చూడాలని దాని అర్థం.

వోల్ట్‌మీటర్:
"బాగున్నట్టే" అని రాశారు. మొదటి మెట్టు అని రాయలేదు.

హనుమకొండ వాసి:
ఇప్పుడు వచ్చే, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వల్లే ఇదంతా. పాత కార్లకు పడదు.

ఆటోనగర్ పాతచేయి:
నీళ్లు దిగితే ఇథనాల్ విడిపోయి ట్యాంకు అడుగున చేరే మాట నిజం. అలాంటప్పుడు ఆ నీళ్లే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా వస్తాయి, ప్లగ్గు తడిగా ఉంటుంది. ఇక్కడ ప్లగ్గు పొడిగా ఉంది.

రాత్రి డ్రైవర్:
తోసి స్టార్ట్ చేయండి.

వోల్ట్‌మీటర్:
సెల్ఫ్ బాగానే తిప్పుతోంది కదా. తోసినా చేసేది అదే పని. ఇక అసలు విషయానికి వస్తే, పాతచేయి గారూ, మీలాంటివారు చెవి, అనుభవం అంటూ ఉంటే ఖమ్మంలో ఒకరు 6,800 పోగొట్టుకున్నారు. మెకానిక్ ఊహించాడు, యజమాని కట్టారు. ఊహ తప్పితే డబ్బు వెనక్కి ఇచ్చిన మెకానిక్‌ను నేను ఇంతవరకూ చూడలేదు.

ఆటోనగర్ పాతచేయి:
ఆ మాట వచ్చింది కనుక చెబుతాను. మొన్న ఒకాయన బండి తెచ్చారు, ఇదే జబ్బు. గంటన్నర వెతికాను. రిలే కాలులో తుప్పు. గీకి పెట్టాను, స్టార్ట్ అయింది. అయిదు వందలు అడిగితే, "సామాను ఏమీ వేయలేదు కదా, ఎందుకు ఇవ్వాలి?" అన్నారు. వంద చేతిలో పెట్టి వెళ్లిపోయారు. అదే రోజు పక్క షెడ్డులో మంచి పంపు తీసి కొత్త పంపు వేసినవాడికి రెండు వేలు మిగిలింది. వెతికి కనిపెట్టిన పనికి మన దగ్గర ధర లేదు, సామానుకే ధర. నా దగ్గర స్కానర్ అప్పు చేసి కొన్నది. అది తగిలించి చూసినందుకు మూడు వందలు అంటే, "చూడటానికి కూడా డబ్బులా?" అంటారు. ఇక కుర్రాళ్లు వెతకడం ఎందుకు నేర్చుకుంటారు?

వోల్ట్‌మీటర్:
మీకు డబ్బు రాలేదని మేము అవసరం లేని పంపు కొనాలా? డాక్టరు ఫీజు కట్టేది రోగం చెప్పినందుకు. మీరూ ఫీజు బోర్డు పెట్టండి, నేను కడతాను. కానీ ఊహించి మార్చిన సామాను పనిచేయకపోతే వెనక్కి తీసుకోవాలి. ఆ మాట మాత్రం మీలో ఎవరూ అనరు.

ఆటోనగర్ పాతచేయి:
ఎలక్ట్రికల్ సామాను ఒకసారి బిగిస్తే దుకాణంవాడు వెనక్కి తీసుకోడు. ఆ నష్టం మెకానిక్ ఒక్కడే మోయాలా?

వోల్ట్‌మీటర్:
పరీక్షించకుండా బిగించింది ఎవరు మరి?

పాలేరు గట్టు:
కిన్నెరసాని గారూ, ఒక్క సంగతి చెప్పండి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా కదులుతోందా?

కిన్నెరసాని:
ఇప్పుడే చూసి వచ్చాను. ఎనిమిది సెకన్లు తిప్పాను. ముల్లు సున్నా మీద పడుకునే ఉంది, వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఇంతకుముందు చిన్నగా లేచేదని మా వారు అంటున్నారు.

ఆటోనగర్ పాతచేయి:
ఈ ప్రశ్న నేను మొదటే అడగాల్సింది. కొన్ని కార్లలో ముల్లు ఎప్పుడూ లేవదు కానీ, ఇంతకుముందు లేచి ఇప్పుడు లేవడం లేదంటే క్రాంక్ సెన్సర్ వైపు చూడాలి. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది అదే. ఆ కబురు అందకపోతే కంప్యూటర్ ఇంజెక్టర్లు తెరవదు, ప్లగ్గుకు కరెంటు ఇవ్వదు, మొదటి రెండు మూడు సెకన్ల తరువాత పంపునూ ఆపేస్తుంది. ప్లగ్గు పొడిగా ఉన్నది అందుకే. పెట్రోలూ కరెంటూ రెండూ ఒకేసారి పోయాయంటే రెండింటికీ తల్లివేరు ఒకటే అయి ఉంటుంది. ఆ మెకానిక్ పెట్రోల్ చూశాడు కానీ ప్లగ్గుకు కరెంటు వస్తోందో లేదో చూడలేదు. కంప్యూటర్ మార్చనివ్వకండి.

వోల్ట్‌మీటర్:
స్కానర్ పెట్టి ఉంటే సెల్ఫ్ తిరుగుతుండగా ఆర్‌పీఎం సున్నా అని అక్కడే కనిపించేది. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

కిన్నెరసాని:
నిన్న వేరే మెకానిక్‌ను పిలిచాం. స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నాయే వచ్చింది. లోపం చెప్పే కోడ్ మాత్రం ఏదీ లేదు. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఉన్న క్రాంక్ సెన్సర్ కనెక్టర్ ఊడదీసి టార్చి వేసి చూపించారు. బొటనవేలంత మేర వైరు తొడుగు లేదు, రాగి తీగ నమిలినట్టు తెగి ఉంది. కింద ఇనుప కమ్మీ మీద నల్లని ఎలుక పెంటికలు, నాలుగు ఎండు గడ్డిపోచలు. మేము ఊళ్లో ఉన్న పది రోజులూ అది అక్కడే కాపురం పెట్టింది. తీగ అతికించి, తొడుగు వేసి, తాళం తిప్పితే రెండో తిప్పుకే అందుకుంది.

పాలేరు గట్టు:
సంతోషం. ఆ కొత్త వైరుకు టేపు గట్టిగా చుట్టించండి, ఎలుక మళ్లీ వస్తుంది.

ఆటోనగర్ పాతచేయి:
ఆయనకు ఎంత ఇచ్చారమ్మా?

కిన్నెరసాని:
250 అడిగారు. ఇచ్చాం. మీరు రాసినది చదివాక అది చాలా తక్కువ అనిపించి, ఈ రోజు ఇంకో 500 పంపాను.

వోల్ట్‌మీటర్:
మరి ఆ 6,800?

కిన్నెరసాని:
మొదటి షెడ్డుకు వెళ్లి మా పాత పంపు అడిగాను. అది పనిచేస్తుంది కదా, ఎవరికైనా ఉపయోగపడుతుంది అనుకున్నాను. పాత ఇనుములో వేసేశాం అన్నారు.