షెహాదె హత్య: అనుపాత సూత్రాన్ని ఎప్పటి సమాచారంతో కొలవాలి?

అంతర్జాతీయ మానవతా చట్టం (యుద్ధంలో పాటించాల్సిన నియమాలు) తెలిసిన పెద్దలకు నమస్కారం. న్యాయశాస్త్ర విద్యార్థినైన నాకు ఒక సందేహం తీర్చగలరని కోరుతున్నాను.

2002 జులై 22 రాత్రి ఇజ్రాయెల్ ఎఫ్-16 విమానం గాజా నగరంలోని జనసాంద్రమైన దరజ్ ప్రాంతంలో ఒక టన్ను బాంబు వేసి, హమాస్ సాయుధ విభాగం అధిపతి సలాహ్ షెహాదెను చంపింది. ఆయనతో పాటు భార్య, కూతురు, ఇరుగుపొరుగు ఇళ్లలో నిద్రిస్తున్న పసిపిల్లలు సహా పదిమందికి పైగా పౌరులు మరణించారు. ఆ పిల్లల సంగతి చదివాక దీన్ని కేవలం పరీక్షలో వచ్చే ప్రశ్నగా చూడలేకపోతున్నాను.

యుద్ధంలో ప్రత్యక్షంగా పాల్గొంటున్నంత కాలం పౌరుడు రక్షణ కోల్పోతాడనీ, అయినా అరెస్టు చేసే వీలుంటే చంపకూడదనీ, చుట్టుపక్కల పౌరులకు కలిగే హాని సైనిక ప్రయోజనాన్ని మించరాదనీ (ఇదే అనుపాత సూత్రం) 2006 డిసెంబరులో ఇలాంటి దాడులపై ఇచ్చిన తీర్పులో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు చెప్పింది. షెహాదెపై దాడిని పరిశీలించేందుకు ఇజ్రాయెల్ ప్రభుత్వం తరువాత నియమించిన విచారణ సంఘం 2011లో, ఫలితం అనుపాతం తప్పిందని ఒప్పుకుంటూనే, అది నిఘా సమాచార లోపం వల్ల జరిగిందనీ, నేరం కాదనీ తేల్చింది.

దాడికి ముందు చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టే కమాండర్‌ నిర్ణయాన్ని తూచాలన్న సూత్రం నాకు అర్థమవుతుంది. కానీ అంత ఇరుకైన బస్తీలో అంత పెద్ద బాంబును ఎంచుకున్నప్పుడు, పక్క ఇళ్లలో మనుషులున్నారో లేదో నిర్ధారించుకోకపోవడం, పౌరులకు హాని తగ్గేలా దాడికి ముందు జాగ్రత్తలు తీసుకోవాలన్న బాధ్యతకు విడిగా ఉల్లంఘన కాదా? జాగ్రత్తల బాధ్యతనూ అనుపాత సూత్రాన్నీ వేర్వేరుగా పరిశీలించిన తీర్పులేవైనా ఉంటే దయచేసి తెలుపగలరు.