మనవల్ని పెంచడానికి పాత అనుభవం చాలదా?

గోరింట: పసిపిల్లల్ని రోజంతా చూసుకునే అమ్మమ్మలు, తాతయ్యలు కూడా పెంపకం క్లాసులకు వెళ్లాలని ఈమధ్య కొందరు అంటున్నారు. నాకైతే విడ్డూరంగా ఉంది. నలుగురిని పెంచిన చేతులకు పాలు పట్టడం నేర్పాలా?

పాతకాపు: పాలు పట్టడం మారలేదండీ, పడుకోబెట్టడం మారింది. ఒకప్పుడు బోర్లా పడుకోబెట్టమని చాలా చోట్ల డాక్టర్లే చెప్పేవారు. 1990ల నుంచి ఏడాది నిండేదాకా వెల్లకిలానే పడుకోబెట్టమంటున్నారు. పరుపు గట్టిగా ఉండాలి, దిండు పెట్టకూడదు. తేనె కూడా అంతే, ఏడాదిలోపు నాకించినా బొటులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు ముప్పు ఉంది.

గోరింట: ఈ రెండు ముక్కలకీ క్లాసెందుకు? కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తే సరి.

మాత్రలపెట్టె: అసలు గండం ఆ కాగితంలో లేదు, తాతయ్య మందుల డబ్బాలో ఉంది. రోజుకో గడి ఉండే డబ్బా మూత పసివాడు కూడా తీసేస్తాడు. కీళ్లనొప్పులున్నవాళ్లు తేలిగ్గా వచ్చే మూతే కావాలంటారు, వాళ్ల బాధ వాళ్లది. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్ర ఒక్కటి మింగినా రెండేళ్ల పిల్లకి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అదీ వెంటనే కాదు, కొన్ని గంటల తర్వాత కూడా. ‘ఆడుకుంటోందిగా’ అని ఊరుకుంటే అక్కడే దెబ్బతింటాం. వెరపమిల్ లాంటి బీపీ మాత్రలతోనూ ఇదే భయం. అనుమానం వస్తే వాంతి చేయించొద్దు, మాత్రల అట్ట పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. మందులు తాళం వేసిన అల్మారాలో ఉండాలి. చేతిసంచి మంచం మీద వదిలేస్తే ఆ తాళం దండగ.

పాతకాపు: జ్వరం మందు సంగతి కూడా చెప్పండి. పారాసెటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములదీ ఉంది, 250దీ ఉంది. పాత లెక్కన చెంచా పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. ఒక్కోసారికి కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. ఉదయం అమ్మ ఒకసారి పోసి, ఆ సంగతి తెలియక అమ్మమ్మ మళ్లీ పోయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. పోసిన టైము సీసా పక్కనే రాసిపెట్టాలి.

గోరింట: మాత్రల విషయం ఒప్పుకుంటున్నా. కానీ ఇవన్నీ తాతయ్యకు చెప్పేదెవరు? కోడలు నోరు తెరిస్తే ‘మాకే నేర్పుతావా’ అంటారు.

మాత్రలపెట్టె: టీకా వేయించడానికి వెళ్లేటప్పుడు ఆయన్నే వెంటబెట్టుకెళ్లండి, ఆయన మాత్రల చీటీతో సహా. మిగతాది డాక్టరు చెబుతారు.